రూపురేఖలు అనే ముందు ఒక్క గీత గీయి

తమ్ముడూ,

నీ కథ రాత్రే చదివాను, బావుంది. అమ్మమ్మ పోయాక మనవడు బస్సు దిగే చోట మాత్రం ఆగిపోయాను. "ఊరి రూపురేఖలే మారిపోయాయి" అని రాసేసి తర్వాతి పేరాలోకి వెళ్లిపోయావు. ఏం మారిందో నాకు కనపడలేదు.

ఆ మాటను ఓసారి విప్పి చూడు. రూపు, రేఖ రెండూ సంస్కృతం నుంచి వచ్చినవే. రూపమంటే కంటికి కనపడే ఆకారం, అందం కూడా. ముద్ర కొట్టిన నాణేన్ని రూప్యం అన్నారు, ఆ మాట ఎలా పుట్టిందో వ్యాకరణకర్త పాణిని ఒక సూత్రంలోనే చెప్పాడు, మన రూపాయి దాన్నుంచే వచ్చింది. మనం ఒకదాన్ని పూర్తిగా లేకుండా చేయడాన్ని రూపుమాపడం అంటాం, అంటే రూపు పోతే ఇక మనిషైనా ఊరైనా లేనట్టే లెక్క.

నాకు రేఖ ఇంకా ఇష్టం. దాని ధాతువుకు గీకడం అని అర్థం. సంస్కృతంలో ర, ల ఒకదాని చోట ఇంకొకటి వస్తుంటాయి, అలా రేఖ, లేఖ అక్కాచెల్లెళ్లయ్యాయి. నీకు రాస్తున్న ఈ లేఖ కూడా పుట్టుకతో ఒక గీతే.

ఒకసారి మా బంధువులింట్లో తాటాకు ప్రతి చేతిలోకి తీసుకుని చూశాను. గంటంతో రాసేటప్పుడు సిరా ఉండదు, ఆకు మీద సన్నగా గీరుకుంటుందంతే, తర్వాత దీపపు మసి పూసి తుడిస్తే గీతల్లో మసి నిలిచి అక్షరం నల్లగా తేలుతుంది. ఆ ఆకుకి ఒక మూల మసి పోయింది. ఖాళీ అనుకున్నాను. కిటికీ వైపు కాస్త వంచితే అక్షరాలు కనపడ్డాయి, వేలికి కూడా తగిలాయి!

నీ ఊరికీ అలా వేలికి తగిలే గీత ఒక్కటి కావాలి. రేఖామాత్రంగా చెప్పడం తప్పు కాదు, కానీ ఆ రేఖైనా ఉండాలి కదా. చెరువు గట్టు మీద చింతచెట్టు అని రెండో పేజీలో నువ్వే రాశావు, బస్సులోంచి దాన్ని చూసే కదా ఆ పిల్లాడు చిన్నప్పుడు చెప్పులేసుకుని లేచి నిలబడేవాడు. ఇప్పుడు చెట్టు లేదనుకో, వాడు తన ఊరు దాటి పోయి, కండక్టర్‌ని అడిగి, వెనక్కి నడిచి రావాలి.

టెన్షన్ పడకు, గడువు ఇంకా వారం ఉంది. ఆ పేరా ఒక్కటీ మళ్లీ రాసి పంపు, చెట్టు కొట్టేసిన చోట మొద్దు మిగిలిందో లేదో కూడా చెప్పు.

ప్రేమతో,
అక్క