ఇంటర్నెట్ సాఫ్ట్‌వేర్‌లో పీజీ: వరంగల్ నుంచి దారేది?

హన్మకొండలో బీటెక్ ఫైనలియర్ చదువుతూ, ఇంటర్నెట్ సాఫ్ట్‌వేర్‌లో పీజీ ఎలా అని అడిగారు కదా. ఆ పేరుతోనే కోర్సు కావాలని వెతక్కండి, ఎంటెక్ సీఎస్‌ఈలో చేరి డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ (చాలా కంప్యూటర్లు కలిసి ఒకటిగా పనిచేసే పద్ధతి), నెట్‌వర్క్స్, సెక్యూరిటీ లాంటివి ఎలెక్టివ్స్‌గా తీసుకుంటే సరిపోతుంది. మన ఊళ్లోనే ఎన్‌ఐటీ ఉంది (1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైంది), అక్కడ సీటుకు గేట్ (ఎంటెక్ ప్రవేశానికి జాతీయ పరీక్ష) రాసి, ఎన్‌ఐటీల్లాంటి చోట్ల ఎంటెక్ సీట్లు కేటాయించే సీసీఎంటీ కౌన్సెలింగ్‌కు వెళ్లాలి. ఉద్యోగం వచ్చినా గేట్ రాసి పెట్టుకోండి, స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది. రాష్ట్ర కాలేజీలకైతే రాష్ట్ర స్థాయి ప్రవేశ పరీక్ష పీజీఈసెట్ కూడా ఉంది.

రియాక్ట్ (వెబ్ పేజీలు తయారుచేసే టూల్) నేర్చుకోవడానికే అయితే మాత్రం రెండేళ్లు దండగ, అది ఇంట్లో కూర్చున్నా వస్తుంది. ఇంటర్ రిజల్ట్స్ రోజు లక్షలమంది ఒకేసారి పేజీ తెరిస్తే సర్వర్ ఎందుకు పడిపోతుందో, లోడ్‌ను చాలా సర్వర్లకు పంచి, డేటాకు కాపీలు పెట్టి దాన్నెలా నిలబెడతారో లోతుగా తెలుసుకోవాలనుంటే చేరండి.