గందరగోళం ఎవరిది తమ్ముడూ?

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని మరీ. సరిగ్గా ముహూర్తం టైముకి ఫంక్షన్ హాల్లో కరెంటు పోవడం, జనరేటర్ మొరాయించడం, మంగళసూత్రాల పళ్లెం ఎక్కడ పెట్టారో ఎవరికీ తెలీకపోవడం, ఆ అరుపులూ తోపులాటా, అంతా బాగానే పట్టుకున్నావు. మూడో పేజీకొచ్చేసరికి ఎవరేం చేస్తున్నారో తెలీట్లేదురా అని మెసేజ్ పెడితే "కావాలనే అలా రాశానక్కా, చదివేవాడికి కూడా కంట్రోల్ తప్పాలి కదా" అన్నావు చూడు, ఆ మాట మీదే ఈ ఉత్తరం.

కావాలని పెట్టిన గందరగోళం ఎలా ఉంటుందో చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు, ఈసారి మీ ఊళ్లో అష్టావధానం జరిగితే వెళ్లి కూర్చో, ఎనిమిది మంది చుట్టూ చేరి అడిగేవాటికి అవధాని అనే ఒక్క కవి అక్కడికక్కడే జవాబులు చెప్పే సభ అది. అంశాలు ఒక్కోచోట కొద్దిగా మారతాయనుకో, కానీ పద్ధతి అదే. ఒకాయన సమస్య అని అర్థం కుదరనట్టుండే ఒక పద్యపాదం ఇచ్చి మిగతా పద్యం పూరించమంటాడు, ఒకాయన దత్తపది అని సంబంధం లేని నాలుగు మాటలిచ్చి పద్యంలో ఇరికించమంటాడు, నిషిద్ధాక్షరి ఆయన అవధాని ఒక్కో అక్షరం చెప్తుంటే తర్వాత ఫలానాది వాడకూడదని అడ్డం పడుతుంటాడు, వ్యస్తాక్షరి ఆయన ఒక వాక్యాన్ని ముక్కలు చేసి పదకొండో అక్షరం ఇది, నాలుగోది ఇది అని వరస తప్పించి మధ్యమధ్యలో అందిస్తాడు, ఇంకెవరో గంట కొడుతుంటే ఎన్నిసార్లు కొట్టారో లెక్క పెట్టుకోవాలి, ఇవన్నీ చాలవన్నట్టు అప్రస్తుత ప్రసంగం చేసేవాడు సరిగ్గా పాదం కుదురుతున్నప్పుడే "అవధానిగారూ, మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారండీ" లాంటిదేదో అడుగుతాడు, దానికీ నవ్వించేలా జవాబు చెప్పాలి. పోనీ ఒక్కో పద్యం పూర్తిచేసి ముందుకెళ్దామా అంటే అదీ లేదు, ఒకరికి ఒక పాదం చెప్పి పక్కాయన దగ్గరికి పోవాలి, అలా నాలుగు ఆవృత్తాలు తిరిగితేగానీ పద్యాలు పూర్తవవు. అంతా అయ్యాక ధారణ. అప్పటిదాకా ముక్కలుముక్కలుగా చెప్పినవన్నీ కాగితం ముక్క లేకుండా వరసగా అప్పజెప్పాలి.

నాకు అందులో నచ్చేదేంటంటే, అల్లరి చేసేవాడికి కూడా అక్కడ కుర్చీ వేసి ఉంటుంది. సభంతా గోలగోలగా ఉన్నా ఏ గోల ఏ కుర్చీలోంచి వస్తుందో సభకి తెలుసు, అవధానికీ తెలుసు. అదే మైకు కుయ్యిమనో, వెనక వరసలో ఎవరో ఫోన్లో గట్టిగా మాట్లాడో ఆయన ఏకాగ్రత చెదిరిందనుకో, దాన్ని అవధానంలో భాగం అని ఎవరూ అనరు కదా.

ఇప్పుడు నీ మూడో పేజీ తీయి. పెళ్లికొడుకు పెదనాన్న స్టేజీ మీద పురోహితుడితో గొడవ పడుతున్నాడు, నాలుగు లైన్ల తర్వాత డైనింగ్ హాల్లో క్యాటరింగ్ కుర్రాడిని తిడుతున్నాడు, మళ్లీ స్టేజీ. ఆ చీకట్లో ఎలా వెళ్లాడు ఎలా వచ్చాడు? నేను ఆగిపోయింది అక్కడే, పైగా ఆగి ఆలోచించింది పెళ్లి గురించి కాదు, నీ గురించి. వీడు మర్చిపోయాడా అనుకున్నా. పాత్రలకి దిక్కు తోచకపోతే అది కథ, రాసేవాడికే తోచకపోతే చదివేవాడు పుస్తకం పక్కన పెట్టేస్తాడు, అంతే తేడా.

అదే పేజీలో ఫోటోగ్రాఫర్ ఫ్లాష్ కొట్టడం మాత్రం భలే పట్టావు. వెలుగొచ్చిన ఆ క్షణంలో పెళ్లికూతురి మొహం, మళ్లీ చీకటి, మళ్లీ ఫ్లాష్, ఈసారి ఖాళీ పీట. అంత మంచి పనిముట్టు చేతిలో ఉండి కాసేపటికే ఎందుకు వదిలేశావో నాకైతే అర్థం కాలేదు. సీనంతా ఆ ఫ్లాషుల మీదే నడిపించు, చీకట్లో చెవికి వినపడేవే రాయి, కళ్లకి కనపడేవన్నీ ఫ్లాష్ పడ్డప్పుడే. ఎంత గోలైనా పెట్టుకో, ఇక ఎవరూ తప్పిపోరు.

కట్టుబాట్లన్నీ తెంపుకోవాలి, క్రమశిక్షణ అంటే పాత చింతకాయ పచ్చడి అని నువ్వంటావని తెలుసు, మీ వయసులో మేమూ అన్నాం. దిగంబర కవుల్ని చూడు, పాత కట్టుబాట్లన్నీ తెంచేస్తామంటూ వచ్చిన ఆరుగురు తెలుగు కవుల గుంపు. 1965లో వాళ్లొచ్చినప్పుడు బూతులు, పిచ్చి కేకలు అని తిట్టినవాళ్లే ఎక్కువ. కానీ ఆ ఆరుగురూ కొత్త పేర్లు పెట్టుకున్నారు, వారాలకీ ఋతువులకీ కూడా తాము కల్పించిన పేర్లే పెట్టుకున్నారు, మొదటి సంపుటిని హైదరాబాద్‌లో అర్ధరాత్రి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు, తర్వాతది విజయవాడలో ఒక హోటల్ క్లీనర్ చేత. ఇవేవీ ఒళ్లు మరిచి చేసే పనులు కావు. (వాళ్ల కవిత్వమంతా నాకు నచ్చుతుందని కాదు, కొన్నిచోట్ల కేకే మిగులుతుంది, అది వేరే గొడవ.)

అయితే చేజారినవన్నీ చెత్త అనుకోకు. అందరూ సూత్రాల పళ్లెం కోసం వెతుకుతుంటే మీ బామ్మ పాత్ర చీకట్లో "నా చెప్పులెక్కడ్రా" అని తడుముకుంటూ ఉంటుంది కదా, అది ఎందుకొచ్చిందో నీకే తెలీదన్నావు. కథ మొత్తానికి అదే బెస్ట్ లైన్. మొదటి డ్రాఫ్టులో పగ్గాలు వదిలేస్తేనే అలాంటివి దొరుకుతాయి, వదిలేయి, ఏం పర్లేదు. కాకపోతే దొరికాక దొరికిందని గుర్తుపట్టాలి, దానికో కుర్చీ వేయాలి. ఇప్పుడు ఆవిడ ఒక్కసారి అరిచి మాయమైపోయింది, కరెంటొచ్చేసరికి ఆవిడ ఎక్కడుంది, చెప్పులు దొరికాయా, అవి ఎవరి కాళ్లకున్నాయి? సూత్రాలు దొరకడం కంటే నాకు అదే కావాలి.

ఇంకో పని చేయి, ఫైల్ మూసేసి కథని మీ రూమ్మేట్‌కి నోటితో చెప్పు, చూడకుండా. ఎక్కడ నువ్వే తడబడి "అంటే, అక్కడ ఏదో గొడవ అవుతుందిలే" అని దాటేస్తావో అక్కడ పెన్సిల్ గీత పెట్టు. ఏది కావాలని రాశావో ఏది జారిపోయిందో నేను చెప్పనక్కర్లేదు, ఆ గీతలే చెప్తాయి. గీతలన్నీ ఒకేసారి సరిచేద్దామని కూర్చోకు, ముందు పెదనాన్న సంగతి తేల్చు.

రెండో డ్రాఫ్ట్ పంపేటప్పుడు యూనికోడ్‌లో పంపు నాయనా, నీ పాత ఫాంట్ నా ఫోన్లో ఓపెనయ్యి చావట్లేదు.

మీ అక్క