పార్టీ మారిన ఎమ్మెల్యే పరిస్థితి తర్వాత ఏమవుతుంది?

పార్టీ మారితే పదవి పోవాలి కదా, ఎలా ఉంటున్నారు, ఆ తర్వాత వాళ్ల భవిష్యత్తేంటి అని అడిగారు. మొదటిదానికి జవాబు చిన్నదే. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూల్ (పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం అంటామే, అదే) వచ్చింది, దాని కింద అనర్హత వేటు వేయాల్సింది స్పీకర్. ఆయన దాదాపు ఎప్పుడూ అధికార పార్టీ మనిషే కాబట్టి పిటిషన్ అలా పడి ఉంటుంది, ఈలోగా ఎన్నికలే వచ్చేస్తాయి.

రెండోదే అసలు కథ. నేను ఒక ఎమ్మెల్యేకి బూత్ ఏజెంట్‌గా పనిచేశాను (పేరు వద్దులెండి). గెలిచిన రెండేళ్లకు ఆయన అధికార పార్టీ కండువా కప్పుకున్నారు, నియోజకవర్గ అభివృద్ధి కోసమట. మాకు ముందురోజు రాత్రి దాకా తెలియదు. తెల్లారేసరికి, పోలింగ్ రోజు ఎవరితోనైతే కాలర్లు పట్టుకున్నామో వాళ్లతోనే ఒకే ఫ్లెక్సీలో ఫొటోలు. నా మీద కేసు పెట్టినాయన పక్కనే కూర్చుని టీ తాగాల్సి వచ్చింది. కేసు మాత్రం అలాగే ఉంది, వాయిదాలకు నా ఖర్చులతో నేనే తిరిగాను.

ఆ అధికార పార్టీకి మా నియోజకవర్గంలో అప్పటికే ఒక ఇన్‌ఛార్జి ఉన్నాడు, మా ఎమ్మెల్యే చేతిలో ఓడినాయనే. ఆయనెందుకు ఊరుకుంటాడు? పెన్షన్ సిఫార్సు దగ్గర్నుంచి రోడ్డు కాంట్రాక్టు దాకా అన్నిటికీ రెండు వర్గాలు. టికెట్ మా ఎమ్మెల్యేకే ఇచ్చారు గానీ ఇన్‌ఛార్జి మనుషులు పోలింగ్ రోజు ఇంట్లోంచి కదల్లేదు, మావాళ్లలో సగంమంది అప్పటికే పాత పార్టీకి వెళ్లిపోయారు. ఓడిపోయాం.

2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వైసీపీ నుంచి 23 మంది ఎమ్మెల్యేలు టీడీపీలో చేరారు, 2017లో వాళ్లలో నలుగురు మంత్రులు కూడా అయ్యారు. 2019లో మళ్లీ గెలిచింది మాత్రం అద్దంకిలో గొట్టిపాటి రవికుమార్ ఒక్కరే. అక్కడే 2009లో కాంగ్రెస్, 2014లో వైసీపీ, 2019, 2024లో టీడీపీ తరఫున గెలిచారు. ఓట్లు ఆయన్ని చూసి పడతాయన్నది సరే, ఇంకోటి కూడా కలిసొచ్చిందని నా లెక్క: అద్దంకిలో ఆయనకు పాత ప్రత్యర్థి అయిన కరణం బలరాంకి 2019లో టీడీపీ చీరాల టికెట్ ఇచ్చింది, ఆయనా అక్కడ గెలిచారు. (ఏడాది తిరిగేసరికి ఆయన వైసీపీ వైపు వెళ్లారనుకోండి.) అందుకే ఎవరైనా కండువా మార్చారని వార్త వస్తే నేను ముందు చూసేది అక్కడి పాత ఇన్‌ఛార్జికి ఏం దొరికిందని.

మా ఎమ్మెల్యే తర్వాత పాత పార్టీకే తిరిగొచ్చారు. చేర్చుకున్నారు, టికెట్ ఇవ్వలేదు. మొన్న ఫోన్ చేసి మళ్లీ బూత్ చూసుకోమన్నారు. నా కేసు సంగతి అడిగితే, అదింకా నడుస్తోందా అన్నారు.