బంతి వికెట్లకు తగులుతున్నా నాటౌట్ ఎందుకు?

తమ్ముడూ, ఎల్బీడబ్ల్యూ (వికెట్లకు పోయే బంతిని ప్యాడ్ అడ్డుకుంటే ఇచ్చే ఔట్) రివ్యూలో బంతి లెగ్ స్టంప్‌ను రాసుకుంటున్నట్టు తెరమీద కనిపిస్తున్నా నాటౌట్ ఇచ్చారని, మీ నాయన "అంతా ఫిక్సింగే" అని టీవీ కట్టేసినాడని, ఆయనకు ఎట్లా చెప్పాలని అడిగినావు. ఆయన కోపంలో న్యాయముంది, కానీ ఆ తీర్పులో మోసం లేదు.

రివ్యూ, అంటే తీర్పును మళ్లీ చూడమని జట్టు అడగడం, ఉన్నది అంపైర్ స్పష్టంగా తప్పు చేశాడా అని చూడటానికి. ప్యాడ్‌కు తగిలాక బంతి ఎటు పోయేదో తెరమీద చూపించేది (బాల్ ట్రాకింగ్) కంప్యూటర్ వేసే అంచనా మాత్రమే. అందుకే బంతిలో కనీసం సగం వికెట్లకు తగులుతుందని తేలితేనే నాటౌట్‌ను ఔట్‌గా మారుస్తారు. అంచు మాత్రమే తగిలితే మైదానంలో అంపైర్ చెప్పిందే చెల్లుతుంది. అదే బంతికి ఆయన ముందే వేలెత్తి ఉంటే ఔటే! మీ నాయనకు మండేది ఇక్కడే. అంపైర్ మాటే చెల్లినా, జట్టుకున్న రివ్యూల లెక్కలోంచి ఆ రివ్యూ మాత్రం పోదు, 2017 నుంచి అదే పద్ధతి.

ఈసారి తెరమీద మూడు గళ్లు చూపించు: పిచింగ్ (బంతి నేల మీద పడిన చోటు), ఇంపాక్ట్ (ప్యాడ్‌కు తగిలిన చోటు), వికెట్స్ (వికెట్లకు తగులుతుందా). మూడోదాంట్లో 'అంపైర్స్ కాల్' అని పడితే, ముందు అంపైర్ ఏమిచ్చాడో గుర్తు చేసుకోమను.

ఇంక కామెంటరీ. బాల్ ట్రాకింగ్ రాకముందే "పక్కా ఔట్" అని అరిచి, తర్వాత మాట మార్చేవాళ్లను వింటే నాకూ ఒళ్లు మంటే. వాళ్లు చూసేదీ మనం చూసే రీప్లేనే కదా! 2024లో మన అనంతపురం ఆర్డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ చూసినోళ్లకు తెలుసు, కామెంటరీ లేని ఆట ఎంత హాయో. రివ్యూ అప్పుడు టీవీలో చూసి తీర్పు చెప్పే థర్డ్ అంపైర్ గొంతు మీదే చెవి పెట్టండి: ముందు నోబాల్, తర్వాత బ్యాట్ తగిలిందా, ఆఖర్న బాల్ ట్రాకింగ్.