వాళ్ల కథకి ముగింపు నువ్వు రాయకు

నాన్నా,

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలతో పర్యావరణం మీద కథలు రాయించి, వాళ్ల చేతే చెప్పించే శిబిరం పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గర్వం ఒక పక్క, టెన్షన్ ఒక పక్క. ముప్ఫై ఏళ్లు ఇదే పని చేశాను కదా, కాలు ఎక్కడ జారుతుందో తెలుసు.

ఇరవై మందికి మించి తీసుకోకు. గుండ్రంగా కూర్చోబెట్టు. ఒక పూట బయటికి తీసుకెళ్లి కాలవ గట్టునో, చెత్తకుప్ప పక్కనో అరగంట కూర్చోబెట్టి, కళ్లకి కనబడింది మాత్రమే రాయమను.

'ప్రకృతిని కాపాడాలి' అనే మాట నీ నోట రానివ్వకు. అది విని విని వాళ్ల చెవులు మొద్దుబారాయి. దానికి బదులు, సముద్రపు తాబేలు గుడ్డులో ఉన్నది ఆడో మగో తేల్చేది ఇసుక వేడి అని చెప్పు. ఇసుక బాగా వేడెక్కితే దాదాపు అన్నీ ఆడపిల్లలే పుడతాయని చెప్పి ఊరుకో. 'మరి తర్వాత?' అని వాళ్లే అడుగుతారు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. మీ అమ్మకి కూడా చెప్పలేదు.

నా దగ్గరికి ఒక అమ్మాయి వచ్చేది. పదమూడేళ్లుంటాయి. వాళ్ల నాన్న చెట్లు కొట్టే పనికి వెళ్లేవాడు. ఆ అమ్మాయి చిన్నప్పుడు ఎక్కి ఆడుకున్న చెట్టుని ఒకరోజు ఆయనే కొట్టాడు. ఆ కూలి డబ్బులతోనే ఆ అమ్మాయికి బడి పుస్తకాలు కొన్నారు. కథలో అదే రాసింది. చివర్లో ఆ పుస్తకం తెరిచి వాసన చూస్తుంది, అంతే. ఎవరిదీ తప్పు అనదు, ఏ నీతీ చెప్పదు.

నాకది సరిపోలేదు. వార్షికోత్సవానికి పెద్దవాళ్లు వస్తున్నారు, 'సందేశం' ఉండాలనుకున్నాను. నాన్నని తీసేసి ఒక దుర్మార్గుడైన కాంట్రాక్టర్‌ని పెట్టాను. చివర్లో పిల్లలందరూ మొక్కలు పట్టుకుని నినాదం ఇచ్చేలా మార్చాను. ఆ అమ్మాయి ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. నేనిచ్చింది బట్టీ పట్టి అప్పజెప్పింది. చప్పట్లు మోగిపోయాయి. స్టేజీ దిగాక నా దగ్గరికి వచ్చి, "బాగా చెప్పానా టీచర్? అది నా కథ కాదు కదా, భయం వెయ్యలేదు" అంది. మర్నాటి నుంచి రాలేదు. నేనూ వెతుక్కుంటూ వెళ్లలేదు. వెళ్లాల్సింది.

1992లో బ్రెజిల్‌లోని రియోలో పర్యావరణం మీద జరిగిన ధరిత్రీ సదస్సులో పన్నెండేళ్ల కెనడా అమ్మాయి సెవెర్న్ కల్లిస్-సుజుకి దేశదేశాల ప్రతినిధుల ముందు మాట్లాడింది. నాన్నతో చేపలు పట్టడానికి వెళ్లేదాన్నని, ఆ చేపల్లో క్యాన్సర్లు కనబడ్డాయని చెప్పింది. ఎండలోని హానికర కిరణాల్ని ఆపే ఓజోన్ పొరకి పడ్డ చిల్లుల వల్ల ఎండలోకి వెళ్లాలంటే భయమేస్తోందని చెప్పింది. తన నాన్న, తన చేపలు, తన భయం. ఆ మాటలు చదివినప్పుడల్లా నాకు ఆ అమ్మాయే గుర్తొస్తుంది. తన నాన్నని నేను కథలోంచి తీసేశాను కదా.

ఓజోన్ అంటే గుర్తొచ్చింది, పిల్లల్ని భయంలో ముంచి ఇంటికి పంపకు. ఆ చిల్లులకి కారణమైన రసాయనాలు తగ్గించాలని 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పుకున్నాయి, మాట నిలబెట్టుకున్నాయి, ఆ పొర మెల్లగా కోలుకుంటోంది. ఇదీ చెప్పు. ఇలాంటివి చెప్పకపోతే, ఎవరేం చేసినా లాభం లేదనుకుంటారు.

ఇంకొకటి, ఇది మాత్రం కోపంగానే చెబుతున్నాను. నీ చేతిలో ఎప్పుడూ ఫోన్ ఉంటుంది. పిల్ల ఏడుస్తూ కథ చెబితే వీడియో తీసి పెట్టేస్తావేమోనని నా భయం. ఆ పిల్లనీ, ఇంట్లో వాళ్లనీ అడగకుండా ఏదీ బయట పెట్టొద్దు. అడిగాక 'సరే' అన్నా, ఒక రోజు ఆగి మళ్లీ అడుగు. ఎదురుగా పెద్దవాళ్లుంటే పిల్లలు కాదనలేరు నాన్నా.

వాక్యం తప్పుంటే దిద్దు. ముగింపు జోలికి వెళ్లకు.

ఆఖరి రోజు ఎవరి కాగితాలు వాళ్లకి తిరిగి ఇచ్చెయ్. ఆ అమ్మాయి తన చేత్తో రాసిన నాలుగు పేజీలు ఇప్పటికీ నా బీరువాలోనే ఉన్నాయి.

వేళకి తిను. గొంతు జాగ్రత్త.

మీ పెద్దమ్మ