ఆదివారం అన్నం పెట్టనన్న అమ్మకి

గాజువాక నుంచి ఒక తల్లి రాశారు. చాలా పొడవైన ఉత్తరం, అవసరమైనంత వరకు చెబుతాను. భర్త స్టీల్‌ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు, చర్చి సంఘంలో పెద్ద. కొడుక్కి ఇరవై నాలుగేళ్ళు, ఉద్యోగం చేస్తున్నాడు, ఏడాదిగా చర్చికి రావడం లేదు. ఆమె బతిమాలారు, ఏడ్చారు, ఉపవాస ప్రార్థనలు చేశారు. చివరికి "ఆరాధనకి రానివాడికి ఆదివారం ఈ ఇంట్లో అన్నం లేదు" అని తేల్చి చెప్పేశారు. అప్పటి నుంచి అతను ఆదివారం పొద్దున్నే బండి తీసుకుని బయటికి పోయి రాత్రికి వస్తున్నాడు. ఒకసారి విశాఖ హార్బరు పక్కన రాస్ హిల్ కొండ మీద ఒంటరిగా కూర్చుని తెలిసినవాళ్ళకి కనిపించాడట. సంఘం వాట్సాప్ గ్రూపులో "నా కుమారుడు లోకంలో కలిసిపోయాడు, ప్రార్థించండి" అని ఆమె పెట్టిన మెసేజ్ అతని స్నేహితుల దాకా పాకింది, ఇప్పుడు తల్లీకొడుకుల మధ్య మాటల్లేవు. "దేవునికి సమస్తం సాధ్యమే కదా, వీడి మనసు ఒక్కటి ఎందుకు మార్చడం లేదు? నేను గట్టిగా ఉండటం తప్పా?" అని అడిగారు.

అమ్మా,

రెండో ప్రశ్నకి జవాబు ముందు చెప్పేస్తాను. అన్నం దగ్గర గట్టిగా ఉండటం తప్పే. చర్చి నుంచి వచ్చాక మీ ఇంట్లో కోడికూర ఉడుకుతుంటే, చిన్నప్పటి నుంచి ఆదివారం అంటే ఆ వాసనే అనుకుని పెరిగిన పిల్లాడు ఎక్కడో రోడ్డు పక్కన బండి దగ్గర నిలబడి ప్లేటులో ఏదో తింటున్నాడు. అతనికి దీనివల్ల ఏం అర్థమవుతుందనుకుంటున్నారు? దేవుని దగ్గరికి రమ్మంటున్నారని కాదు, అమ్మ ప్రేమకి కూడా హాజరుపట్టీ ఉందని.

మొదటి ప్రశ్న కష్టమైనది, దాన్ని దాటేసి మీకు నాలుగు ఓదార్పు మాటలు చెప్పడం నాకిష్టం లేదు. మీ ఇంట్లో హాలులో ఫ్రేము కట్టించి పెట్టుకున్నామన్నారే, "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము" అని, అది యెహోషువ 24వ అధ్యాయం 15వ వచనం. కానీ ఫ్రేములోకి ఎక్కింది ఆ వచనం చివర మాత్రమే. ముందు భాగంలో యెహోషువ జనాన్ని నిలబెట్టి, ఎవరిని సేవిస్తారో ఈ రోజు మీరే కోరుకోండి అంటాడు, అది ఎవరూ గోడకి తగిలించుకోరు. సువార్తల్లో చూసినా అంతే. ధనవంతుడైన ఆ యువకుణ్ణి యేసు ప్రేమించాడని మార్కు రాశాడు గానీ, అతను దుఃఖపడుతూ వెళ్ళిపోతుంటే వెంటపడి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడని రాయలేదు. యోహాను 6వ అధ్యాయంలో చాలామంది శిష్యులు విడిచిపోతే, మిగిలిన పన్నెండుమందిని కూర్చోబెట్టి ప్రమాణం చేయించుకోలేదు, మీరు కూడా వెళ్ళిపోతారా అని అడిగాడు, అంతే. తప్పిపోయిన కుమారుడి కథలో తండ్రి ఆస్తి పంచి ఇచ్చి మరీ పోనిచ్చాడు. మనవాళ్ళు ఆ కథని కొడుకు తిరిగొచ్చే దగ్గరే ఎక్కువ ప్రసంగిస్తారు. వెళ్ళేటప్పుడు తలుపు తీసిన చేతి గురించి ఒక్క ప్రసంగమైనా విన్నారా?

మనిషి మనసుని దేవుడు ఎంతవరకు కదిలిస్తాడు, మనిషి ఎంతవరకు కాదనగలడు అనే దాని మీద క్రైస్తవుల్లోనే వందల ఏళ్ళుగా వాదన ఉంది. కాల్విన్ అనే బోధకుడి దారిలో నడిచేవాళ్ళు మార్చేది దేవుడే అంటారు, వెస్లీ అనే బోధకుడి దారిలో వాళ్ళు మనిషీ ఒప్పుకోవాలి అంటారు, మీ సంఘం ఏ పక్కనుందో నాకు తెలియదు, ఇక్కడ దానితో పని కూడా లేదు. ఎందుకంటే మార్చేది దేవుడే అని నమ్మినా, మనిషి తనంతట తాను ఒప్పుకోవాలి అని నమ్మినా, రెండు చోట్లా ఆ పని అమ్మది కాదు. (చట్టం సంగతి అడిగితే అదీ ఇంతే. రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛ ఇచ్చింది, మీవాడు మేజరు.)

మీకంటే ముందు కొడుకుని ఇలా భోజనానికి దూరం పెట్టిన తల్లి ఒకామె ఉంది. నాలుగో శతాబ్దం మనిషి, మోనికా. కొడుకు అగస్టీను (తర్వాత పెద్ద క్రైస్తవ గురువయ్యాడు) మానీ అనే ప్రవక్త మతంలో కలిశాడని ఇంట్లో ఉండనివ్వలేదు, తనతో కలిసి భోజనానికి కూర్చోనివ్వలేదు. తర్వాత ఒక కల వచ్చి మనసు మార్చుకుని మళ్ళీ ఇంట్లోకి రానిచ్చింది. ఒక బిషప్ దగ్గరికి పోయి, మీరైనా మావాడితో మాట్లాడి బుద్ధి చెప్పండి అని ప్రాణం తీసింది. ఆ బిషప్ కూడా చిన్నప్పుడు ఆ మతంలోనే పెరిగినవాడు. వాణ్ణి అలా వదిలెయ్యి, ప్రార్థన మాత్రం చెయ్యి, చదువుకుంటూ పోతే తప్పేమిటో వాడికే తెలుస్తుంది అన్నాడు. ఆమె వదల్లేదు, ఏడుస్తూనే ఉంది, ఆయన విసుక్కున్నాడు కూడా. అగస్టీను బాప్తిస్మం తీసుకున్నది 387లో, అప్పటికి అతనికి ముప్పై దాటాయి. మీవాడు కూడా తిరిగొస్తాడని నేను హామీ ఇవ్వడం లేదు. అలా ఎవరైనా తారీఖుతో సహా చెబుతుంటే నమ్మకండి. నేను చూసేదల్లా ఒకటే, ఆ తల్లి కొడుకుని మళ్ళీ భోజనాల దగ్గరికి రానిచ్చింది అతను మారాక కాదు, మారకముందే.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి. మీ ఉత్తరంలో కొడుకు ఎదురు మాట్లాడాడనడానికి సాక్ష్యంగా ఒక సంగతి రాశారు. పనమ్మాయి కూతురి స్కూలు ఫీజుకని రెండు వేలు అడ్వాన్సు అడిగితే, ఉపవాస కూడికకి లేటవుతోందని మీరు విసుక్కుని ఆమెను గుమ్మంలోనే కసిరి పంపారు. అప్పుడు మీవాడు "ఆమెతో ఇలా మాట్లాడి అక్కడికెళ్ళి చేతులెత్తితే ఏం లాభం?" అన్నాడు. ఆ వాక్యం నేను చాలాసేపు చూశాను. కంటికి కనిపించే సహోదరుణ్ణి ప్రేమించనివాడు కనిపించని దేవుణ్ణి ప్రేమించలేడని యోహాను రాసిన మొదటి పత్రికలో ఉంది, అతను చెప్పింది దాదాపు అదే. మీరు నేర్పిందే మీకు తిప్పి చెప్పాడు. మొరటుగానే చెప్పాడు, ఒప్పుకుంటాను, ఇరవై నాలుగేళ్ళ వాళ్ళు ఇంతకంటే మెత్తగా చెప్పరు. కానీ లోకంలో కలిసిపోయినవాడు మాట్లాడే మాట కాదది. అతను చర్చి మానేయడానికి అసలు కారణం ఇలాంటిదే ఇంకేదో ఉండొచ్చు, మీరు ఇంతవరకు అడగలేదు. "ఎందుకు రావు?" అని అడిగానంటారు, అది ప్రశ్న కాదు, కేక.

ఇంకొకటి కూడా అనేస్తాను. మీ కన్నీళ్ళు సగం పిల్లాడి ఆత్మ కోసమే, నాకు అనుమానం లేదు. మిగతా సగం ఆరాధన అయిపోయాక చెప్పులు వేసుకునే చోట "బాబు రాలేదా అక్కా?" అని అడిగే వాళ్ళ కోసం, రేపు సంబంధాలు ఎలా వస్తాయన్న టెన్షన్ కోసం. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, నలుగురిలో బతికే మనుషులం. కాకపోతే ఆ సగం భారం మీవాడి నెత్తిన పెట్టకండి. ఎవరైనా అడిగితే "ఇంట్లో ఉన్నాడు, బాగున్నాడు" అనండి, అక్కడితో ఆపండి.

గ్రూపులో పెట్టిన మెసేజ్ ఇప్పుడు డిలీట్ చేసినా లాభం లేదు. క్షమాపణ మాత్రం చెప్పాలి, అదీ గ్రూపులో కాదు, అతనికి. "నీ సంగతి నలుగురిలో పెట్టాను నాన్నా, పెట్టకుండా ఉండాల్సింది, ఇక పెట్టను" అంటే చాలు. దాని వెనకాలే "కానీ నీ మంచి కోసమే" అని తగిలించారా, చెప్పిన క్షమాపణ కాస్తా పోతుంది. ప్రార్థన మానక్కర్లేదు, పేరు పెట్టకుండా మీ గదిలో చేసుకోండి.

మరి ఇంట్లో ఏ నియమమూ ఉండకూడదా అంటే, ఉండాలి. తాగి రాకూడదు, జీతంలోంచి ఇంటి ఖర్చుకి కొంత ఇవ్వాలి, మీరు బైబిలు చదువుకుంటుంటే వెటకారం చేయకూడదు. ఇవి అడగండి, గట్టిగానే అడగండి. నమ్మకాన్ని మాత్రం ఆ జాబితాలో కలపకండి. మీవారు "నా ఇంట్లో ఉంటే నా దేవుడు" అంటున్నారని రాశారు, ఆయనతో మీరు ఒంటరిగా, రాత్రి పూట, పిల్లలు వినని చోట మాట్లాడండి. సంఘ పెద్ద కాబట్టి ఆయన మీద మీకంటే ఎక్కువ ఒత్తిడి ఉంటుంది, దాన్ని గుర్తించి మొదలుపెడితే వింటారు.

దయ్యం వదిలించే విడుదల ప్రార్థనలకని మూడు రోజులు ఎక్కడికో తీసుకెళ్ళమని ఎవరో సలహా ఇచ్చారట. వద్దు. చర్చికి రాకపోవడం దయ్యమూ కాదు, జబ్బూ కాదు. అయితే గది తలుపు వేసుకుని ఉంటున్నాడన్నారు కాబట్టి, నిద్రపోతున్నాడా, తింటున్నాడా, ఇదివరకు ఇష్టమైన క్రికెట్టూ స్నేహితులూ ఉన్నారా అని ఒక కన్నేసి ఉంచండి. అవి కూడా పోతే అది వేరే సంగతి, అప్పుడు టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు, లేదా చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

రాస్ హిల్ మీద ఏం చేస్తున్నాడో అడగకండి. పక్కపక్కనే మూడు కొండల మీద మరియమ్మ చర్చి, దర్గా, వెంకన్న గుడి ఉన్న చోటు అది, కింద హార్బరులోకి ఓడలు వస్తుంటాయి. ప్రార్థన చేసుకుంటున్నాడేమో, ఓడలు చూస్తున్నాడేమో. "మన సంఘం వదిలి మరియమ్మ గుడికి పోయాడు" అని మీరు బాధపడ్డ లైను మాత్రం నాకు కొంచెం నవ్వు తెప్పించింది, క్షమించండి.

ఈ శనివారం రాత్రి చెప్పండి: "రేపు నువ్వు రావాలని నాకుంది. రాకపోతే నీ ఇష్టం. భోజనం మాత్రం ఇంట్లోనే." మొదటి వారం నమ్మడు, బయటే తింటాడు. కూర తీసి పక్కన పెట్టండి, రాత్రి తిన్నా తినకపోయినా ఏమీ అనకండి. పనమ్మాయి ఫీజు సంగతి కూడా ఈ వారంలోనే చూడండి, అతనికి చూపించడం కోసం కాదు, ఆ పిల్లకి స్కూల్లో గడువు ఉంటుంది కాబట్టి.

ఇక క్రిస్మస్ వస్తుంది. ఆ రాత్రి తనంతట తాను ఏ స్నేహితుడితోనో వచ్చి వెనక వరసలో నిలబడినా నిలబడొచ్చు. పాస్టరు గారికి ముందే చెప్పి ఉంచండి, స్టేజీ మీద నుంచి పేరు పెట్టి పిలవొద్దని, సాక్ష్యం చెప్పమనొద్దని.