గోధుమ రంగు కఫం ముద్దలకు సిరప్ మందు కాదు

ప్రశ్న: నా వయసు 41. చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది. మూడు నెలలుగా దగ్గితే గోధుమ రంగు జిగురు ముద్దలు పడుతున్నాయి. ఎక్స్-రేలో కుడి ఊపిరితిత్తిలో కొంత భాగం ముడుచుకుందన్నారు. మందుల షాపులో ఇచ్చిన చిన్న తెల్ల మాత్రలు వేసుకుంటే తగ్గి, ఆపగానే మళ్లీ మొదలవుతోంది. కఫం కరిగే మంచి సిరప్ చెప్పండి. ఆవిరి పట్టవచ్చా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సిరప్ సంగతి తర్వాత. మీరు చెప్పిన లక్షణాలకు నాకు ముందుగా వచ్చే అనుమానం ఏబీపీఏ, అంటే బూజు వల్ల ఊపిరితిత్తుల్లో వచ్చే ఒక అలర్జీ జబ్బు. ఆస్పర్‌జిల్లస్ అనే బూజును గాలితో పాటు అందరం పీలుస్తూనే ఉంటాం. ఉబ్బసం ఉన్న కొందరికి అది తీవ్రమైన అలర్జీ తెస్తుంది. కఫం చిక్కబడి శ్వాసనాళంలో బిరడాలా బిగుసుకుంటుంది. దాని అవతలికి గాలి అందక ఆ భాగం ముడుచుకుపోతుంది. అశ్రద్ధ చేస్తే నాళాలు దెబ్బతిని శాశ్వతంగా వెడల్పయిపోతాయి.

పరీక్ష చేయకుండా ఇదే జబ్బని నేను తేల్చలేను. క్షయ కూడా కావచ్చు. కళ్లె పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితమే, చేయించండి. రక్తంలో టోటల్ ఐజీఈ (అలర్జీ ఉంటే పెరిగే ప్రోటీన్), ఆస్పర్‌జిల్లస్ ఐజీఈ పరీక్షలు, ఛాతీ సీటీ స్కాన్ అవసరం. పొగ తాగుతారో లేదో మీరు రాయలేదు. నాళంలో గడ్డ ఏదైనా అడ్డుపడిందేమో చూడటానికి బ్రాంకోస్కోపీ (సన్నని కెమెరా గొట్టంతో శ్వాసనాళం లోపల చూసే పరీక్ష) కూడా చేయాల్సి రావచ్చు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ తెల్ల మాత్రలు. అవి బహుశా స్టెరాయిడ్లు. నిజానికి ఏబీపీఏకు ఇచ్చేదీ స్టెరాయిడే. కానీ మోతాదు క్రమంగా తగ్గిస్తూ సుమారు నాలుగు నెలలు, డాక్టర్ పర్యవేక్షణలో వాడాలి. నాలుగు రోజులు మింగి ఆపితే జబ్బు పోదు, పైగా ఐజీఈ తగ్గి పరీక్ష తప్పుదారి పట్టవచ్చు. లోపల క్షయ ఉంటే ముదురుతుంది, షుగర్ పెరుగుతుంది. మూడు నెలలు షాపు చుట్టూ తిరిగారు, ఒక్కసారి డాక్టర్‌కు చూపించుకుని ఉండాల్సింది కదా! వారాల తరబడి వాడి ఉంటే మాత్రం హఠాత్తుగా ఆపకండి, డాక్టర్‌కు చెప్పండి. బూజు మీద పనిచేస్తుంది కదా అని, తామరకు ఇచ్చే ఇట్రాకొనజోల్‌ను కూడా సొంతంగా మొదలుపెట్టవద్దు. కొన్ని ఇన్‌హేలర్లతో కలిస్తే అది హాని చేస్తుంది.

దగ్గును అణచే సిరప్ వాడితే బయటికి రావాల్సిన కఫం లోపలే ఉండిపోతుంది. ఆవిరి ఉపశమనమిస్తుందేమో కానీ బిగుసుకున్న ముద్దను కదపలేదు. ఇన్‌హేలర్ మానకండి.

ఎక్స్-రే, మాత్రల అట్ట తీసుకుని ఈ వారంలోనే ఊపిరితిత్తుల నిపుణుడిని కలవండి. కఫంలో రక్తం పడినా, ఆయాసంతో మాట పూర్తి చేయలేకపోయినా అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్లండి.